ఒక భుజం, రెండు వృత్తులు

వాన వెలిసిన మర్నాడు అద్దంకి చుట్టుపక్కల పొలంబాటల్లో నడిచినవాళ్లకు నల్లరేగడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. చెప్పుకింద మట్టి మరో చెప్పంత మందాన పేరుకుంటుంది. నాలుగడుగులు వేసి గట్టురాయికి రాసుకుంటే గానీ కాలు ముందుకు పడదు. ఈ నేలలో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ. దాని పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది. ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. తేమను పట్టి ఉంచే ఈ గుణం పత్తికి, మిర్చికి మేలు చేస్తుంది. చక్రాల కుర్చీకి మాత్రం ఇంతకు మించిన శత్రువు లేదు.

ఆ కుర్చీని ముందుకు తోయడానికి ఎంత బలం కావాలో లెక్క వేద్దాం. మనిషి, కుర్చీ కలిపి 80 కిలోలు అనుకుందాం. నున్నటి గచ్చుమీద ఒకే వేగంతో సాగడానికి కావలసిన బలం, సుమారు ఒక కిలో బరువును చేత్తో ఎత్తి పట్టుకోవడానికి కావలసినంత. 12 అడుగుల పొడవుకు ఒక అడుగు లేచే వాలు ఎక్కాలంటే ఆ బలం ఏడెనిమిది కిలోల దాకా పెరుగుతుంది. మెట్లపక్కన ఉన్న కాస్త చోటులో సిమెంటు పోసి ర్యాంపు అనిపించుకునే నిటారు వాలులు మనకు చాలాచోట్ల కనిపిస్తాయి. అవి ఆరడుగులకే ఒక అడుగు లేస్తే 14 కిలోల బలం కావాలి. అక్కడ కుర్చీ వెనక్కి తిరగబడే ప్రమాదం కూడా ఉంది. తడి రేగడిలో చక్రం దిగబడితే ఇక ఏ లెక్కా పనిచేయదు.

ఈ బలమంతా ఇచ్చేది భుజం. మన కీళ్లలో ఎక్కువ దిక్కులకు తిరిగేది అదే. అంత స్వేచ్ఛ ఉండాలంటే ఎముక గుంట లోతుగా ఉండకూడదు. తుంటికీలులో బంతి గుంటలో లోతుగా కూర్చుంటుంది. భుజంలో మాత్రం లోతులేని గుంటమీద ఆనుకుని ఉంటుంది. దాన్ని జారకుండా పట్టి ఉంచేవి చుట్టూ ఉన్న నాలుగు చిన్న కండరాలు, వాటి స్నాయువులు. అందుకోవడానికి, విసరడానికి, మోయడానికి ఏర్పడిన ఈ కీలు రోజంతా మనిషిని నడిపించడానికి ఏర్పడలేదు. చక్రాల కుర్చీలో తిరిగే మనిషి రోజుకు రెండువేల సార్లు చక్రాన్ని తోస్తే ఏడాదికి ఏడు లక్షల ముప్పైవేల తోపులు అవుతాయి. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి ఆటోకి, ఆటో నుంచి మళ్లీ కుర్చీకి మారిన ప్రతిసారీ ఒంటి బరువంతా ఆ రెండు భుజాలే మోయాలి.

ఇప్పుడు ఆ మనిషి ఒక పరిశోధకురాలని, పోటీలకు సిద్ధమవుతున్న క్రీడాకారిణి కూడా అని అనుకుందాం. పొద్దున శిక్షణలో పనిచేసే భుజమే పగలు ల్యాబులో ఎత్తైన బెంచీమీదకు చేయి చాపుతుంది. సాయంత్రం ఆ భుజమే ఇంటికి తోస్తుంది. వైకల్యం లేని శాస్త్రవేత్త ఆటగాడైతే అతనికి కరువయ్యేది ప్రధానంగా సమయం. ఈమెకు సమయంతో పాటు భుజం, చర్మం, ఒంటి వేడి కూడా లెక్కలోకి వస్తాయి. ఒకే బోరునీటితో మిర్చి తడి, పత్తి తడి రెండూ ఇవ్వాల్సిన రైతు పరిస్థితి ఆమెది. ఏ పొలానికి ఎంత పారించాలన్నది ఒక ప్రశ్న అయితే, కాలవలో దారిపొడవునా ఎంత ఇంకిపోతోందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. ఈ అధ్యాయం ఆ రెండో ప్రశ్న గురించే.

కొలిచి చూసినవాడు

రోరీ కూపర్ అమెరికా సైన్యంలో పనిచేస్తూ 1980లో జర్మనీలో సైకిల్ ప్రమాదానికి గురయ్యాడు. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడ్డాయి. అప్పటికి ఆయన ఇరవయ్యేళ్ల కుర్రాడు. తర్వాత ఇంజనీరింగ్ చదివాడు, చక్రాల కుర్చీ పరుగు పందేల్లోకి దిగాడు. 1988 సియోల్ పారాలింపిక్స్‌లో 4×400 మీటర్ల రిలేలో కాంస్య పతకం గెలిచాడు. ఆ మరుసటి ఏడాది, 1989లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సాంటా బార్బరా ప్రాంగణం నుంచి పీహెచ్‌డీ అందుకున్నాడు. అంటే పతకానికి శిక్షణ, సిద్ధాంత గ్రంథం రెండూ పక్కపక్కనే సాగాయి.

ఆయన జీవితంలో మనం గమనించాల్సింది పతకాన్ని, పట్టాను కలిపిన ప్రశ్న. చక్రాన్ని తోసేటప్పుడు చేయి ఎంత బలం ఏ దిక్కుగా వేస్తుంది? అందులో బండిని కదిలించేది ఎంత, కీలును అరగదీసేది ఎంత? పిట్స్‌బర్గ్‌లో ఆయన నెలకొల్పిన మానవ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో బలాన్ని కొలిచే సెన్సార్లు అమర్చిన చక్రాలతో ఈ లెక్క తేల్చే పని పెట్టుకున్నారు. మణికట్టు గుండా చేతిలోకి వెళ్లే మీడియన్ నరం దెబ్బతినడానికి, తోపులో వేసే బలానికి, తోపుల వేగానికి సంబంధం ఉందని ఆయన, సహచరుడు మైకేల్ బోనింగర్ చూపించారు.

దీంతో ఇవాళ చికిత్సకులు ఇచ్చే సలహాలు మారాయి. టకటకమని పొట్టి తోపులు వద్దు, నిదానంగా పొడవైన తోపులు కావాలి. తోపు ముగిశాక చేతిని పైనుంచి వెనక్కి తేకుండా, అంచుకు కిందుగా జారవిడిచి వెనక్కి తేవాలి. కుర్చీ తేలికగా ఉండాలి. చక్రపు ఇరుసును మనిషి వెనక్కి పడిపోనంత వరకు ముందుకు జరపాలి. చూడ్డానికి చిన్న మార్పులే. ఏడాదికి ఏడు లక్షల తోపులతో గుణిస్తే అవి భుజానికి ఏళ్ల ఆయుష్షు పోస్తాయి.

ఈ కథకు తోడైనది షెరీ బ్లావెట్ కథ. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టింది. పసితనంలోనే పొలంలో జరిగిన ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. ట్రాక్టర్లు, కోత యంత్రాలు, మోటార్ల మధ్య పిల్లలు పెరిగే మన పల్లెలకు ఈ సంగతి దూరమైనది కాదు. ఆమె మూడు పారాలింపిక్స్‌లో పాల్గొని ఏడు పతకాలు తెచ్చుకుంది. 2004 ఏథెన్స్‌లో 800 మీటర్ల స్వర్ణం వాటిలో ఒకటి. 2004, 2005లో బోస్టన్ మారథాన్ వీల్‌చైర్ విభాగంలో గెలిచింది. ఆ కాలంలోనే స్టాన్‌ఫర్డ్‌లో వైద్యవిద్య చదువుతోంది. తర్వాత హార్వర్డ్ వైద్య కళాశాలకు అనుబంధంగా పనిచేస్తూ పారా క్రీడాకారుల గాయాలపై పరిశోధన చేసింది. 2012 లండన్ పారాలింపిక్స్ అథ్లెటిక్స్ గాయాల సమాచారాన్ని ఆమె బృందం విశ్లేషించింది. నిలబడి పోటీపడేవాళ్లలో కాలి గాయాలు ఎక్కువ, కూర్చుని పోటీపడేవాళ్లలో భుజం గాయాలు ఎక్కువ అని తేలింది. తన భుజం ఏళ్ల తరబడి చెబుతూ వచ్చినదాన్ని ఆమె అంకెల్లో పెట్టింది.

ఎండ, చర్మం

పల్నాడులోని రెంటచింతల పేరు వినగానే మనకు వేసవి గుర్తొస్తుంది. అద్దంకి వైపు కూడా మే నెలలో 40 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. అందరం చెమటతోనే ఒంటి వేడి దించుకుంటాం. చెమట పట్టించమన్న ఆజ్ఞ మెదడు నుంచి వెన్నుపాము గుండా చర్మానికి వెళ్తుంది. వెన్నుపాము తెగిన చోటికి కింద ఆ ఆజ్ఞ అందదు. మెడ దగ్గర దెబ్బతిన్నవాళ్లకు ఒంట్లో చాలాభాగం చెమటే పట్టదు. గుండె వేగాన్ని పెంచే నరాలకూ ఆ దారే కావడంతో, ఎంత కష్టపడ్డా వాళ్ల గుండె తరచుగా నిమిషానికి 110 నుంచి 130 దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటి క్రీడాకారులు ఆట మధ్యలో ఒంటిమీద నీళ్లు చల్లుకోవడం, మంచు నింపిన చొక్కా తొడుక్కోవడం చూస్తుంటాం. చర్మం చేయలేని పనిని ఆ నీరు, ఆ మంచు చేస్తున్నాయి.

ఇప్పుడు మన పరిశోధకురాలి ఒక పగటిని ఊహించండి. పొద్దున్నే శిక్షణ ముగిసింది. ఒంటి వేడి ఇంకా పూర్తిగా దిగలేదు. అక్కడినుంచి గాలి ఆడని ల్యాబులోకి వెళ్లి బర్నర్ ముందు కూర్చోవాలి. మిగతావాళ్లకు చిరాకు పుట్టించే ఆ గది ఈమెకు వడదెబ్బ ప్రమాదం. పైగా గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుంటే ఎముకకు, కుర్చీకి మధ్య చర్మంలో రక్తం ఆడదు. స్పర్శ లేదు కాబట్టి నొప్పి హెచ్చరించదు. పావుగంటకో అరగంటకో ముందుకు వంగి, పక్కకు ఒరిగి బరువు మార్చుకోకపోతే ఒత్తిడి పుండు పడుతుంది. అది మానడానికి నెలలు పట్టవచ్చు. ఒక్క పుండుతో పోటీల కాలమూ పోతుంది, పరిశోధన కాలమూ పోతుంది. అందుకే ల్యాబులో మంచి గాలి, కాస్త విరామం అన్నవి ఆమె విషయంలో శిక్షణ ప్రణాళికలో భాగం.

కాలు కోల్పోయినవాళ్ల లెక్క వేరు. కృత్రిమ కాలి గిన్నెలో మిగిలిన కాలిభాగానికి గాలి తగలదు. చెమట పడితే జారుతుంది, రాపిడికి చర్మం ఒరుసుకుపోతుంది. మోకాలి పైన కాలు పోయినవారికి మామూలు నడకకే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. మిగిలిన కాలి మోకాలు మీద అదనపు భారం పడి, అది త్వరగా అరిగే అవకాశం పెరుగుతుంది.

మానసి జోషి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. తండ్రి భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేశారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 2011లో, ముంబైలో రోడ్డు ప్రమాదంలో ఎడమ కాలు పోయింది. చిన్నప్పుడు నాన్న నేర్పిన బ్యాడ్మింటన్‌నే మళ్లీ పట్టుకుంది. హైదరాబాదులో గోపీచంద్ అకాడమీకి వచ్చి సాధన చేసి, 2019లో బాసెల్‌లో ఎస్ఎల్3 అనే పారా బ్యాడ్మింటన్ విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయింది. అదే వారంలో, అదే నగరంలో, అదే అకాడమీలో తర్ఫీదైన పి.వి. సింధు కూడా ప్రపంచ టైటిల్ గెలిచింది.

ఎస్ఎల్3 సింగిల్స్‌లో కోర్టు వెడల్పులో సగమే ఆడతారు. పక్కలకు పరుగు తగ్గి ముందుకు, వెనక్కి కదలడం పెరుగుతుంది. ప్రతి షాటుకూ ఆగి, ఒంటికాలిమీద బరువు నిలిపి వెనుదిరగాలి. అదే విభాగంలో 2024 సెప్టెంబరు 2న పారిస్ పారాలింపిక్స్‌లో నితేశ్ కుమార్ స్వర్ణం గెలిచాడు. మూడో గేమ్ 23-21 దాకా సాగింది. ఆయన కాలు పోయింది 2009లో, విశాఖపట్నంలో జరిగిన రైలు ప్రమాదంలో. కోలుకుని ఐఐటీ మండిలో ఇంజనీరింగ్ చదివాడు. బ్యాడ్మింటన్ మీద పట్టు దొరికింది కూడా ఆ ప్రాంగణంలోనే. విద్యార్థి ఉండే గది, క్లాసు, ల్యాబు, ఆటస్థలం ఒకే ప్రాంగణంలో ఉన్నప్పుడు దారిలో ఖర్చయ్యే ఒంటి శక్తి తగ్గుతుంది. ఊళ్లమధ్య బస్సు ఎక్కిదిగే పిల్లలకు ఈ సౌకర్యం ఉండదు.

చెవి చేసే రెండు పనులు

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పుట్టుకతోనే చూపు లేదు. హైదరాబాదులో దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చదివి పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నాడు. ఇంటర్లో సైన్సు తీసుకుంటానంటే నిబంధనలు ఒప్పుకోలేదు. బొమ్మలు, గ్రాఫులు చూడలేనివాడికి సైన్సు ఎలా అన్నది అభ్యంతరం. ఆయన కోర్టుకు వెళ్లి గెలిచాడు. పాఠాలను ఆడియోగా మార్చుకుని ఎంపీసీ పూర్తిచేశాడు. తర్వాత అమెరికాలో ఎంఐటీలో సీటు సంపాదించి, చదువు ముగించుకుని తిరిగొచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించాడు. ఆ చదువు రోజుల్లోనే అంధుల క్రికెట్, చదరంగం జాతీయస్థాయిలో ఆడాడు.

అంధుల క్రికెట్‌లో బంతి గట్టి ప్లాస్టిక్‌ది. లోపల గుండ్లు ఉండి గలగలలాడుతుంది. బౌలర్ చేయి కిందుగా విసురుతాడు, బంతి పిచ్ సగం దాటేలోగా నేలను తాకాలి. బొత్తిగా చూపులేని ఆటగాడు కొట్టిన పరుగులను రెట్టింపుగా లెక్కిస్తారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి ఈ ఆటలో భారత జట్టుకు సారథ్యం వహించాడు. ఆయన నాయకత్వంలో మన జట్టు 2017లో టీ20 ప్రపంచకప్పు, 2018లో వన్డే ప్రపంచకప్పు గెలిచింది. 2023 సంవత్సరానికి ఆయన అర్జున అవార్డు అందుకున్నాడు.

వచ్చే బంతి ఎక్కడుందో చెవి ఎలా పసిగడుతుంది? కుడివైపు శబ్దం కుడి చెవిని ముందు, ఎడమ చెవిని తర్వాత తాకుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యోవంతుకు లోపే. అందులో లక్షోవంతు సెకను తేడాను కూడా మెదడు పట్టగలదు. చిన్నప్పటినుంచి చూపులేనివారిలో, చూపు కోసం ఏర్పడిన మెదడు భాగం ఊరికే పడి ఉండదు. బ్రెయిలీ చదివేటప్పుడు, శబ్దాన్ని వెతికేటప్పుడు ఆ భాగం చురుగ్గా పనిచేస్తుందని మెదడు చిత్రాలు చూపించాయి.

కానీ ఆ చెవే పగలంతా తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఆనుకుని ఉంటుంది. సమీకరణాలు, పట్టికలు, పరిశోధన పత్రాలు అన్నీ దానిగుండానే లోపలికి పోవాలి. ఇక్కడ చెవే భుజం స్థానంలో ఉంది. వేలితో తడిమి తెలుసుకునేలా ఉబ్బెత్తుగా అచ్చువేసిన బొమ్మ ఒకటి పాఠ్యపుస్తకంతో పాటు వస్తే, ఒక గ్రాఫును వినడానికి పట్టే పది నిమిషాలు చెవికి మిగులుతాయి. ఆ మిగులుతోనే సాయంత్రం బంతి వినబడుతుంది.

నీళ్లలో దొరికిన వెసులుబాటు

ఖమ్మం జిల్లా సత్తుపల్లిలో పుట్టిన ప్రతిగుడుపు మాధవీలత పసిబిడ్డగా ఉన్నప్పుడే పోలియో బారిన పడింది. చదువు పూర్తిచేసి బ్యాంకు ఉద్యోగంలో చేరి, తర్వాత చెన్నైలో స్థిరపడింది. గంటలకొద్దీ కూర్చుని చేసే పని, బలహీనమైన నడుము కండరాలు కలిసి వెన్నెముక ఒంపును పెంచాయి, ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పెరిగింది. అప్పుడు నీటి వ్యాయామం మొదలుపెట్టింది. మెడదాకా నీళ్లలో మునిగితే కీళ్లమీద పడే ఒంటిబరువు సుమారు పదోవంతుకు తగ్గుతుంది. ఆర్కిమిడీస్ చెప్పిన ఉత్ప్లవన బలం వెన్నుకు విశ్రాంతినిచ్చింది. ఆ విశ్రాంతి ఈతగా మారింది, ఈత జాతీయ పారా పోటీల స్వర్ణాలయింది. నలభయ్యో పడికి దగ్గరపడ్డాక ఇదంతా జరిగింది. తర్వాత ఆమె భారత వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ సమాఖ్యకు అధ్యక్షురాలై, దేశమంతటా ఎందరో యువతీయువకులను ఆ ఆటలోకి తెచ్చింది.

ఆమె కథలో ఆట ఉద్యోగానికి అడ్డు కాలేదు. ఉద్యోగం ఒంటిమీద వేసిన భారాన్ని ఆట దించింది. శిక్షణను సరిగ్గా అమర్చుకుంటే రెండు పనులు ఒకదాన్నొకటి మోస్తాయి. కుర్చీలో గంటలు గడిపే పరిశోధకుడికి వీపు కండరాలను బలపరిచే వ్యాయామం పతకానికి ఎంత అవసరమో ఉద్యోగానికీ అంతే అవసరం.

భారతదేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో మనం పోలియోరహితమయ్యాం. మాధవీలత తరం పిల్లలకు వచ్చిన కష్టం ఇప్పటి పిల్లలకు లేదు. అయితే రోడ్డు ప్రమాదాలు, పొలం యంత్రాలు, కరెంటు షాకులు, పుట్టుకతో వచ్చే లోపాలు ఉన్నాయి. రేపు ల్యాబుకూ మైదానానికీ కలిపి బయల్దేరే పిల్లలు ఈ దారుల్లో వస్తారు.

ఇంకిపోయేది ఆపడం

ఈ జీవితాల గురించి చెప్పేటప్పుడు అందరం పట్టుదలను మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. కానీ పట్టుదలతో భుజం స్నాయువు మందం పెరగదు, చర్మానికి స్పర్శ రాదు, తెగిన నరం చెమట పట్టించదు. ఆ పట్టుదల వృథాగా ఖర్చు కాకుండా చూడటం మిగతావాళ్ల చేతుల్లో ఉంది. అందుకు పెద్ద నిధులు అక్కర్లేదు, కొలతలు తెలిస్తే చాలు.

ర్యాంపుకు మేస్త్రీ గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. అరుగు 18 అంగుళాలుంటే ర్యాంపు 18 అడుగులుండాలి. చోటు చాలకపోతే మలుపు తిప్పాలి, వాలు పెంచకూడదు. కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదరం ఖాళీ కావాలి. ల్యాబు బెంచీలు సాధారణంగా మూడడుగుల ఎత్తుంటాయి. గదికి ఒక్క బెంచీనైనా రెండున్నర అడుగులకు దించి, మోకాళ్లు దూరేలా కింద ఖాళీ వదిలితే, చేయి భుజంకన్నా పైకి లేవకుండానే టైట్రేషన్ చేయవచ్చు. ల్యాబు పై అంతస్తులో ఉండి లిఫ్టు లేకపోతే, ఆ క్లాసును కింది గదికి మార్చవచ్చు. ఇక మరుగుదొడ్డి. అది అందుబాటులో లేని చోట ఆడపిల్లలు పగలంతా నీళ్లు తాగడం మానేస్తారు. ఒంటి వేడి దించుకోలేని క్రీడాకారిణికి, మూత్రనాళాల ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువగా ఉండే వెన్నుపాము గాయం మనిషికి, అంతకన్నా హాని చేసేది మరొకటి లేదు.

సమయం విషయంలోనూ ఏర్పాటు కావాలి. పోటీకి ముందు వారాల్లో శిక్షణ భారం తగ్గిస్తారు, అప్పుడు ఒళ్లు కోలుకోవాలి. ఆ వారాల్లోనే ల్యాబు పనంతా మీద పడేస్తే తగ్గించిన భారం మళ్లీ అదే భుజమెక్కుతుంది. ఆ రోజులకు రాత పని, లెక్కల పని పెట్టి, చేతిపని ఎక్కువుండే ప్రయోగాలను పోటీల్లేని నెలలకు జరిపితే రెండూ సాగుతాయి. గైడు, కోచ్ ఒకరి ఫోను నంబరు ఒకరి దగ్గర ఉంచుకుని, ఏడాది మొదట్లోనే ఒక క్యాలెండరు ముందు పెట్టుకుని మాట్లాడుకుంటే చాలు.

ఇవి దయతో చేసే పనులు కావు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం కేటాయించమంది. అవసరానికి తగ్గ ఏర్పాట్లు చేయడాన్ని బాధ్యతగా నిర్ణయించింది. క్రీడల్లో పాల్గొనే హక్కును ప్రత్యేకంగా ఒక సెక్షన్లో రాసింది.

ఏర్పాట్లవల్ల లాభం ఆ ఒక్క మనిషికే అనుకుంటే పొరపాటు. తోపులో వృథా అయ్యే బలం ఎంత అన్న ప్రశ్న కుర్చీలో పందెం పరుగెత్తినవాడికి తట్టింది. జవాబు దొరికాక అది పిట్స్‌బర్గ్‌లో మాజీ సైనికుడికి, గుంటూరు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రైతుకూలీకి ఒకేలా పనికొస్తుంది. నల్లరేగడిలో దిగబడని చక్రం ఎలా ఉండాలి? నలభై డిగ్రీల ఎండలో చెమట పట్టని ఒంటిని తక్కువ ఖర్చుతో ఎలా చల్లబరచాలి? తెలుగులో సమీకరణాలు చదివే సాఫ్ట్‌వేర్ చెవిని అలసిపోనీకుండా ఎలా పలకాలి? ఈ ప్రశ్నలను ఒంటితో ఎరిగినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లను ఇంటర్ సైన్సు గ్రూపులో, ప్రయోగశాలలో, మైదానంలో ఒకేసారి నిలబెట్టగలిగితే వాటికి జవాబులు వాళ్లే కనిపెడతారు.